సూదితో పాటు లెక్క కూడా

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజుల్లో మన సంఘాల్లో కృతజ్ఞతా ప్రార్థనలు, పిల్లల పైచదువుల కోసం ప్రార్థన మనవులు ఎక్కువగా వినబడతాయి. బిడ్డ ఇంజనీరింగ్ చేస్తానంటే సంఘమంతా ఆమేన్ అంటుంది. నర్సింగ్ అంటే పరిచర్య అని సంతోషిస్తుంది. బీఎడ్ అంటే మంచిదే అంటుంది. "ఫ్యాషన్ డిజైనింగ్ చదువుతాను" అని ఒక బిడ్డ అంటే మాత్రం ఇంట్లో మాట ఆగిపోతుంది. తల్లి పాస్టరుగారిని అడగమంటుంది. తండ్రి ఫీజు ఎంతో కనుక్కోమంటాడు. ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల్లోనూ, కొల్లేటి చుట్టుపక్కల కైకలూరు, ఆకివీడు, భీమడోలు గ్రామాల్లోనూ ఈ ప్రశ్న ఇప్పుడు కొత్తది కాదు.

ఆ తల్లిదండ్రుల భయాలు రెండు. ఒకటి విశ్వాసానికి సంబంధించినది: ఇది లోకపు ఆడంబరం కదా, బిడ్డ దారి తప్పదా? రెండోది అన్నానికి సంబంధించినది: ఇంత డబ్బు పోసి చదివితే పని దొరుకుతుందా, చివరికి ఇంట్లో మిషన్ తొక్కుకోవడమేనా? రెండూ న్యాయమైన ప్రశ్నలే. రెంటికీ జవాబు వెతకాలంటే ఆ చదువు ఏమిటో, ఆ పరిశ్రమ ఎలా నడుస్తుందో ముందు తెలియాలి. మన డెల్టా క్రైస్తవులకు ఈ విషయంలో ఒక పాత అనుభవం కూడా ఉంది. అది నరసాపురం లేసు. దాన్ని మరచి ఈ చదువు గురించి మాట్లాడలేము.

వాక్యం బట్టను చిన్నచూపు చూడలేదు

ఏదెను వనంలో ఆదాము హవ్వలు ఆకులు కుట్టుకున్నారు. వారికి చర్మపు చొక్కాయిలు చేయించి తొడిగినవాడు దేవుడే. సిగ్గుపడి దాక్కున్న మనుష్యులను వెళ్లగొట్టే ముందు ఆయన వారికి బట్ట ఇచ్చాడు. నిర్గమకాండము 28వ అధ్యాయం తెరిస్తే అహరోను వస్త్రాల కొలతలు, రంగులు, అంచులు, దానిమ్మపండ్ల ఆకారాలు, చిన్న గంటలు వరుసగా కనబడతాయి. అందంగా ఉండాలని, గౌరవంగా ఉండాలని దేవుడే చెప్పి చేయించిన బట్టలవి. 31, 35 అధ్యాయాల్లో బెసలేలు, అహోలీయాబు కనబడతారు. దేవుని ఆత్మతో నింపబడినవారని బెసలేలు గురించి చదివినప్పుడు మనం ప్రసంగమో ప్రవచనమో అనుకుంటాం. అక్కడ ఆ ఆత్మ ఇచ్చిన నేర్పు లోహపు పని, చెక్క పని, బుటా పని, నేత పని. నూలు వడికిన స్త్రీల పనిని కూడా లేఖనం విడిచిపెట్టలేదు.

కొత్త నిబంధనలో యొప్పే ఊరి దోర్కా మనకు బాగా తెలుసు. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురుకు చూపించినవి ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలు. ఫిలిప్పీలో మొదట హృదయం తెరిచిన లూదియ ఊదారంగు బట్టల వ్యాపారి. ఆనాటి ఖరీదైన సరుకు అది. ఆమె ఇంట్లోనే అపొస్తలులు బస చేశారు. వ్యాపారం మానుకోమని పౌలు ఆమెకు చెప్పినట్టు ఎక్కడా లేదు. ఆయనే అకుల, ప్రిస్కిల్లలతో కూర్చుని డేరాలు కుట్టాడు.

అయితే తిమోతికి రాసిన మొదటి పత్రికలో, పేతురు మొదటి పత్రికలో వస్త్రాలంకారం గురించిన హెచ్చరిక మాటేమిటి? ఆ మాటలు నిజమే, వాటిని పలచన చేయకూడదు. ఆ హెచ్చరిక వెలగల బట్టలతో, బంగారంతో తన గొప్ప చాటుకునేవారికి. యాకోబు 2వ అధ్యాయం దీన్ని ఇంకా తేటపరుస్తుంది. బంగారు ఉంగరం, మెరిసే బట్ట ఉన్నవానికి మంచి చోటు ఇచ్చి, మాసిన బట్టల పేదవాణ్ని నిలబెట్టే సంఘాన్ని ఆయన గద్దించాడు. తప్పు బట్ట కుట్టినవాడిది కాదు, బట్టను బట్టి మనిషికి విలువ కట్టినవాడిది. ఈ లెక్కన ఫ్యాషన్ చదివే బిడ్డ ఎదుర్కొనే శోధన ఎంతో, ఆదివారం పూట ఎవరి చీర ఎంతని లెక్కపెట్టే మన శోధన కూడా అంతే.

ఇంకో సంగతి. ఫ్యాషన్ అనగానే టీవీలో చూసిన ర్యాంపు నడకలే మనసులో మెదులుతాయి. ఆ చదువు చదివిన వారిలో అక్కడికి చేరేవారు బహు కొద్దిమంది. మిగిలినవారు స్కూలు యూనిఫారాలు, ఆస్పత్రి దుస్తులు, పసిపిల్లల చొక్కాలు, దుప్పట్లు, తెరలు చేసేచోట పని చేస్తారు. భీమవరం చుట్టూ రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో చల్లటి గదుల్లో గంటల తరబడి నిలబడి పనిచేసే అక్కలను తలచుకోండి. చలికి ఆగేది, తడిసినా బరువెక్కనిది, ఒంటికి సరిపోయి మర్యాదగా ఉండేది అయిన బట్ట వారికి ఎవరు ఆలోచించి కుట్టాలి? అదీ డిజైనే. అణకువ గల వస్త్రధారణ కావాలని కోరుకునే సంఘం, అలాంటి బట్టను ఆలోచించి తయారు చేసే బిడ్డలను కూడా కోరుకోవాలి.

లేసు నేర్పిన పాఠం

1836లో ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండులోని డెవన్ ప్రాంతం నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలు మన తీరానికి వచ్చాయి. గోదావరి డెల్టా మిషన్ అక్కడ మొదలైంది. తరువాత 1844 ప్రాంతంలో మెక్‌రే అనే స్కాట్లండు మిషనరీ దంపతులు నరసాపురంలో లేసు అల్లిక నేర్పారని చెబుతారు. పైన భద్రాచలం వైపు దుమ్ముగూడెంలోనూ మిషనరీలు ఈ పని నేర్పించారు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన పేద స్త్రీలకు, పొలం పని లేని రోజుల్లో నాలుగు డబ్బులు వచ్చే దారి చూపాలన్నది ఉద్దేశం. దారం, కొక్కెం సూది ఉంటే చాలు. చంటిబిడ్డను ఒడిలో పెట్టుకుని అరుగు మీద కూర్చుని అల్లవచ్చు. తాడేపల్లిగూడెం నుంచి భీమవరం, పాలకొల్లు మీదుగా నరసాపురం వెళితే ఇప్పటికీ ఆ అల్లికలు కనబడతాయి. మన పాఠకుల్లో చాలామంది అమ్మమ్మల ఇళ్లలో టీవీ మీదో బల్ల మీదో పరచిన లేసు గుడ్డ ఉండే ఉంటుంది.

ఆ పని మన స్త్రీలకు అన్నం పెట్టింది, కాదనలేము. అది విదేశాలకు ఎగుమతి అయ్యే సరుకుగా పెరిగింది, ఇతర సమాజాల స్త్రీలకూ పాకింది. కానీ 1970ల చివర జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం వచ్చి ఈ స్త్రీల బతుకులను పరిశీలించింది. 1982లో వెలువడిన ఆమె పుస్తకం ప్రపంచమంతటా చదవబడింది. ఆమె చూసినది ఇది. దారం ఏజెంటు తెచ్చి ఇస్తాడు, అల్లిన ముక్కలు అతనే తీసుకుపోతాడు, కూలి ముక్క లెక్కన ఇస్తాడు. స్త్రీలు ఇంటి చాకిరీ కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతారు. వచ్చేది పొలం కూలీ కంటే తక్కువ. ఎందుకంటే వారిది పని కాదు, తీరిక వేళ కాలక్షేపం అని వ్యాపారులూ అనుకున్నారు, ఇంటి మగవారూ అనుకున్నారు, చివరికి వారూ అనుకున్నారు. ఒకరు పువ్వులు అల్లుతారు, ఇంకొకరు వాటిని కలుపుతారు. పూర్తయిన సరుకు ఎలా ఉంటుందో, ఏ దేశం పోతుందో, ఎంతకు అమ్ముడవుతుందో అల్లినవారికి తెలియదు.

ఆ స్త్రీలకు నేర్పు తక్కువ కాదు. వారి చేతిలో సూది ఉంది, లెక్క లేదు. నమూనా ఎవరు గీస్తారు, కొనేవాడు ఎవరు, ధర ఎవరు కడతారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు ఇతరుల చేతిలో ఉండిపోయింది. తరువాత నరసాపురం దగ్గర రుస్తుంబాదలో లేసు పార్కు వచ్చింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఈ గుర్తింపు వల్ల ఆ పేరును వేరే చోటి సరుకుకు తగిలించి అమ్మడం కుదరదు. మంచిదే. కానీ గుర్తింపు ఉన్నంత మాత్రాన కూలి పెరగదు. నమూనా గీయగలిగి, కొనేవానితో మాట్లాడగలిగి, ధర కట్టగలిగినవారు ఆ ఊళ్లో నుంచే రావాలి.

ఏలూరు తివాచీల కథా దీనికి దూరం కాదు. పారశీక దేశం నుంచి వచ్చిన నేతగాళ్లు తెచ్చారని చెప్పే ఆ ఉన్ని తివాచీలు ఈ పట్టణానికి విదేశాల్లో పేరు తెచ్చాయి. తరతరాలుగా ముస్లిం కుటుంబాలు ఆ నేర్పును కాపాడుతూ వచ్చాయి. కొల్లేరు దాటి కృష్ణా జిల్లాలోకి వెళితే పెడనలో చెక్క అచ్చులతో కలంకారీ అద్దకం ఉంది. ఇన్ని చేతిపనుల నడుమ పుట్టిన బిడ్డ బట్ట గురించి చదువుతానంటే అది ఎక్కడో పరాయి లోకపు సంగతి కాదు. తన నేల మీద ఉన్న పనినే పైకి తీసుకుపోగల చదువు అది.

కాలేజీలో ఏం చెబుతారు

ఈ రంగంలో పేరున్న ప్రభుత్వ సంస్థ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ, అందరూ నిఫ్ట్ అంటారు. 1986లో కేంద్ర జౌళి శాఖ కింద మొదలైంది. మనకు దగ్గరలోని హైదరాబాద్ క్యాంపస్ 1995లో వచ్చింది. డిగ్రీలు ఇచ్చే అధికారం 2006 చట్టం ద్వారా లభించింది. ఇంటర్ తరువాత ఇక్కడ రెండు దారులు ఉన్నాయి. ఒకటి నాలుగేళ్ల డిజైన్ డిగ్రీ, బీడెస్. ఏ గ్రూపు చదివినవారైనా రాయవచ్చు. ఇందులో ఫ్యాషన్ డిజైన్ ఒక్కటే కాదు, టెక్స్‌టైల్ డిజైన్, నిట్‌వేర్, లెదర్, యాక్సెసరీ, ఫ్యాషన్ కమ్యూనికేషన్ అనే శాఖలు కూడా ఉన్నాయి. రెండోది నాలుగేళ్ల బీఎఫ్‌టెక్. బట్టల ఫ్యాక్టరీ ఎలా నడపాలో చెప్పే చదువు ఇది, ఇంటర్‌లో లెక్కలు చదివి ఉండాలి. మన ఎంపీసీ పిల్లలు చాలామంది దీని పేరు కూడా వినలేదు.

ప్రవేశ పరీక్షలో మార్కులు బట్టీతో రావు. బొమ్మ గీయడం, రంగులు, కొత్త ఆలోచన చూసే పరీక్ష ఒకటి. అంకెలు, ఇంగ్లిషు, లోకజ్ఞానం చూసే పరీక్ష ఇంకొకటి. డిజైన్ శాఖలకు ఆ తరువాత ఇచ్చిన సామాన్లతో అక్కడికక్కడే ఒక వస్తువు చేసి చూపించాలి. దరఖాస్తులు ఇంటర్ రెండో ఏడాది నడుస్తుండగానే వస్తాయి. ఫలితాలు వచ్చాక ఆలోచిద్దాం అనుకుంటే ఆ ఏడాది దాటిపోయినట్టే.

మన రాష్ట్రంలోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఆంధ్రప్రదేశ్ ఉంది. 2015లో మొదలైన ఈ సంస్థలో టెక్స్‌టైల్, అపారెల్ డిజైన్ శాఖ ఉంది. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. చేనేత మీద మనసున్న బిడ్డకు వెంకటగిరిలోని ప్రగడ కోటయ్య పేరిట ఉన్న చేనేత సాంకేతిక సంస్థలో డిప్లొమా ఉంది. హైదరాబాద్‌లోని ఎఫ్‌డీడీఐ పాదరక్షలతో పాటు ఫ్యాషన్ డిజైన్ కూడా చెబుతుంది. నాలుగేళ్లు ఆగలేని కుటుంబాలకు ఐటీఐలలో కుట్టు, దుస్తుల తయారీ ఏడాది కోర్సులు ఉన్నాయి. ఖర్చు తక్కువ, పనికి దగ్గర. వాటిని చిన్నచూపు చూడకండి.

లోపల నేర్పేది ఏమిటి? మొదటి ఏడాది అందరికీ ఒకటే పునాది: గీత, రంగు, ఆకారం, బట్టల చరిత్ర. తరువాత దారం ఎలా పుడుతుంది, నేతకూ అల్లికకూ తేడా ఏమిటి, ఏ రంగు ఏ బట్టకు పడుతుంది అన్నవి. కొలత నుంచి కాగితం మీద ప్యాటర్న్ గీయడం, దాన్ని చిన్న సైజుకూ పెద్ద సైజుకూ మార్చడం, కంప్యూటర్ మీద అదే పని చేయడం. కుట్టడం కూడా నేర్పుతారు. చేతిపనుల గ్రామాలకు పంపి అక్కడివారితో కూర్చోబెడతారు. కొన్ని వారాలు పరిశ్రమలో పని చేయాలి. చివరి ఏడాది సొంత ఆలోచనతో ఒక పెద్ద పని చేసి చూపాలి. రాత్రులు మేలుకునే చదువు ఇది. ఇష్టం లేని బిడ్డను ఏదో ఒక డిగ్రీ వస్తుందని ఇందులో వేయకూడదు.

చొక్కా వెనక ఎన్ని చేతులు

పరిశ్రమలో ఉద్యోగాలు ఎక్కడున్నాయో తెలియాలంటే ఒక చొక్కా వెంట నడవాలి. విదేశంలోనో హైదరాబాద్‌లోనో కొనేవారు చొక్కా ఎలా ఉండాలో కాగితం మీద పంపుతారు. దాన్ని చదివి, ఫ్యాక్టరీకి అర్థమయ్యేలా చెప్పి, సరుకు సమయానికి పంపే బాధ్యత మర్చండైజర్‌ది. నమూనా చొక్కా చేసేది శాంప్లింగ్ విభాగం. ఆకారాన్ని ముక్కలుగా గీసేది ప్యాటర్న్ మాస్టర్. ఆ ముక్కలను బట్ట మీద వృథా లేకుండా పరిచే పనిని మార్కర్ వేయడం అంటారు. తరువాత కటింగ్, కుట్టు లైను, నాణ్యత తనిఖీ, ఇస్త్రీ, ప్యాకింగ్. ప్రతి కుట్టుకు ఎన్ని నిమిషాలు పడుతుందో లెక్కకట్టే ఇంజనీర్లు వేరు. ఈ ప్రతి చోటా చదివినవారు కావాలి. బయట కనబడేది డిజైనర్ పేరు ఒక్కటే.

మార్కర్ పని ఎంత విలువైనదో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. వెయ్యి స్కూలు చొక్కాలు కుట్టాలి అనుకుందాం. ముక్కలను తెలివిగా పరిచి చొక్కాకు 5 సెంటీమీటర్ల బట్ట మిగిలిస్తే మొత్తం మీద 50 మీటర్లు మిగులుతుంది. తయారీ ఖర్చులో పెద్ద భాగం బట్టదే కనుక, లాభనష్టాలు అక్కడే తేలతాయి.

మన రాష్ట్రంలో పెద్ద ఎత్తున ఈ పని చూడాలంటే అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో వెయ్యి ఎకరాల్లో ఉన్న బ్రాండిక్స్ అపారెల్ సిటీ ఉంది. వేలాది మంది పని చేస్తారు, అత్యధికులు స్త్రీలు. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, తిరుప్పూరు ఈ చదువు చదివినవారికి పని దొరికే ఇతర చోట్లు. సినిమా, టీవీ రంగంలో పాతకాలపు దుస్తులను పరిశోధించి తిరిగి నేయించే పని కూడా ఉంది. 2018లో వచ్చిన మహానటి చిత్రానికి దుస్తుల రూపకల్పనలో జాతీయ పురస్కారం వచ్చింది ఇలాంటి శ్రమకే. చదువు ముగించి ఏలూరులోనో గూడెంలోనో సొంతంగా యూనిఫారాల తయారీ పెట్టుకున్నా అది వెనకడుగు కాదు.

కష్టం కూడా చెప్పాలి. మొదటి జీతాలు చాలాసార్లు చిన్నవి. సరుకు పంపే రోజులు దగ్గరపడితే పని గంటలు పెరుగుతాయి. ఇల్లు వదిలి దూరపు నగరంలో ఉండాలి. కాలం మారితే ఆర్డర్లు తగ్గుతాయి. ఇవన్నీ ముందే తెలిసి బయలుదేరిన బిడ్డ నిలబడుతుంది.

డబ్బు కట్టే ముందు

నిఫ్ట్ వంటి చోట కూడా నాలుగేళ్ల ఖర్చు లక్షల్లోనే ఉంటుంది. ప్రైవేటు కాలేజీల్లో ఇంకా ఎక్కువ ఉండవచ్చు. కాబట్టి సంతకం పెట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి.

మొదటిది, డిగ్రీ ఇచ్చేది ఏ యూనివర్సిటీ? దానికి యూజీసీ గుర్తింపు ఉందా, ఈ ఊళ్లో ఈ కోర్సు నడిపే అనుమతి ఉందా? బోర్డు మీద అంతర్జాతీయ అన్న మాట ఉంటే సరిపోదు. రెండోది, ఉద్యోగాలు వచ్చాయని చూపించే ఫొటోల్లోని పిల్లలు ఇప్పుడు ఎక్కడ ఏ పని చేస్తున్నారు? గత ఏడాది చదివిన ఇద్దరితో మాట్లాడించమని అడగండి. మాట్లాడించని చోటికి బిడ్డను పంపకండి. మూడోది, ఎన్ని కుట్టు మిషన్లు, ఎన్ని ప్యాటర్న్ బల్లలు, ఎంతమంది పిల్లలు? తరగతి గది ఒక్కటే ఉండి పని చేసే గది లేకపోతే అది ఫ్యాషన్ చదువు కాదు. నాలుగోది, ఫీజు కాక బట్ట, సామాన్లు, హాస్టల్, ల్యాప్‌టాప్‌కు ఏడాదికి ఎంతవుతుంది?

అప్పు తప్పనిసరైతే వడ్డీ వ్యాపారి దగ్గరికి పోకండి. బ్యాంకు విద్యారుణాల్లో గుర్తింపు పొందిన కోర్సులకు 7.5 లక్షల రూపాయల వరకు ఆస్తి తనఖా లేకుండా ఇచ్చే ఏర్పాటు ఉంది. దరఖాస్తు విద్యాలక్ష్మి పోర్టల్ ద్వారా చేయవచ్చు. రిజర్వేషన్ వర్తించే కుటుంబాలు కేంద్ర సంస్థలు అడిగే ఓబీసీ ధ్రువపత్రం నమూనా వేరుగా ఉంటుందని గుర్తుంచుకోవాలి. బిడ్డ ఇంటర్‌లో ఉండగానే తహసీల్దారు కార్యాలయంలో పని మొదలుపెట్టాలి. మంచి మార్కులు వచ్చినా కాగితం ఆలస్యమై సీటు పోతే ఆ బాధ మాటల్లో చెప్పలేనిది.

బట్టకు అంటిన రక్తం

ఈ పరిశ్రమలోకి వెళ్లే క్రైస్తవ బిడ్డ తెలుసుకోవలసిన తేదీ ఒకటుంది. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లోని సావార్‌లో రాణా ప్లాజా అనే భవనం కూలిపోయింది. అందులో విదేశీ కంపెనీలకు బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు ఉన్నాయి. 1,100 మందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది యువతులు. గోడల్లో బీటలు ముందురోజే కనబడ్డాయి. అయినా మరునాడు పనిలోకి రమ్మన్నారు. సరుకు ఆలస్యం కాకూడదన్నదే అందరి తొందర.

కోత కోసినవారి కూలి బిగబడితే ఆ కూలి మొరపెడుతుందని, ఆ కేక ప్రభువు చెవిని పడుతుందని యాకోబు 5వ అధ్యాయం చెబుతుంది. చొక్కా కుట్టినవారి కూలీ అంతే. మర్చండైజర్ కుర్చీలో కూర్చున్నవారు ఒక రూపాయి తగ్గించమన్నప్పుడు ఆ రూపాయి ఎవరి పళ్లెంలోంచి పోతుందో ఎరిగినవారై ఉండాలి. ఫ్యాషన్ చదివిన బిడ్డకు శోధన పొట్టి బట్టల్లో మాత్రమే వస్తుందని అనుకోవడం పొరపాటు. అసలైన శోధన ధర కట్టే కాగితం మీద వస్తుంది. అక్కడ దేవుని భయం ఉన్నవారు కూర్చోవడం మనకు కావాలి. అందుకే ఆ కుర్చీకి మన పిల్లలను దూరం చేయడం మంచిది కాదని మా అభిప్రాయం.

సంఘం ఏం చేయగలదు

మన సంఘాల్లో క్రిస్మస్ సమయంలో విధవరాండ్రకు కుట్టు మిషన్లు ఇచ్చే మంచి అలవాటు ఉంది. దోర్కా పేరిట స్త్రీల సమాజాలు కుట్టు తరగతులు నడుపుతున్నాయి. దేవునికి స్తోత్రం. ఆ మిషన్‌తో పాటు ఇంకో రెండు నేర్పితే ఆ దానం పదింతలవుతుంది. ఒకటి ప్యాటర్న్ గీయడం, రెండు ధర కట్టడం.

ధర కట్టడం అంటే ఇంతే. ఒక అక్క చుడీదార్ కుట్టి 350 రూపాయలు తీసుకుంటుంది అనుకుందాం. లైనింగ్, దారం, జిప్పుకు 90. కరెంటు, మిషన్ అరుగుదలకు 20. మిగిలింది 240. కొలతలు తీసుకోవడం మొదలుకొని గుండీ కుట్టడం, సరిచేయడం వరకు నాలుగు గంటలు పట్టింది. అంటే గంటకు 60 రూపాయలు. ప్యాటర్న్ సరిగా ఉండి సరిచేసే పని తప్పి మూడు గంటల్లో ముగిస్తే గంటకు 80. ఈ లెక్కను ఒక్కసారి నోటు పుస్తకంలో రాసుకున్న స్త్రీ తన పనిని కాలక్షేపం అనుకోదు. ఎవరైనా 250కే కుట్టమంటే ఎందుకు కుదరదో తలెత్తి చెప్పగలదు. నరసాపురం అమ్మమ్మలకు అందనిది ఇదే.

యౌవనస్తుల కూడికలో ఒకరోజు వృత్తుల గురించి పెట్టండి. బట్టల పరిశ్రమలో పనిచేస్తున్న విశ్వాసి మీ ఎరుకలో ఉంటే పిలిచి, మంచిచెడ్డలు రెండూ చెప్పమనండి. సండే స్కూల్లో ఎప్పుడూ బొమ్మలు గీస్తూ ఉండే బిడ్డను అల్లరి అని కసరకుండా, ఆ గీతలో తలాంతు ఉందేమో చూడండి. హైదరాబాద్ పరీక్షకు వెళ్లే బిడ్డకు అక్కడి సంఘంలో ఒక కుటుంబాన్ని పరిచయం చేయండి. నగరంలో హాస్టల్లో చేరాక ఆదివారం ఏ సంఘానికి వెళ్తోందో ఫోన్ చేసి అడగండి. ఆమెకు ఆ ఒక్క ఫోను చాలా ఆసరా. మగపిల్లలు ఈ చదువు అడిగితే నవ్వకండి. మన ఊళ్లలో తరతరాలుగా మిషన్ తొక్కిన టైలర్లలో మగవారే ఎక్కువ.

చివరిగా మనందరికీ సంబంధించిన మాట. కూలివాని కూలి తెల్లవారేదాకా మన దగ్గర ఉంచుకోకూడదని లేవీయకాండము 19వ అధ్యాయం చెబుతుంది. మన వీధి చివర టైలరుకు పండుగ బట్టల కుట్టుకూలి బాకీ ఉంటే, ఈ వారమే తీర్చివేయండి. బట్ట కుట్టే చేతిని మనం గౌరవించినప్పుడే, ఆ పని చదువుతానన్న బిడ్డకు మనం చెప్పే మాటకు బరువు ఉంటుంది. బెసలేలుకు నేర్పిచ్చిన దేవుడు మన పిల్లల చేతులకూ నేర్పును, మనసుకు న్యాయాన్ని అనుగ్రహించును గాక.